ఇద్దరికీ ఒకేసారి వడ్డించే వంట

‘పుస్తెలమ్మయినా పులస తినాలి’ అని మా గోదావరి జిల్లాల్లో ఓ సామెత. చిన్నప్పుడు ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. విన్నప్పుడల్లా నవ్వుకునేదాన్ని. పెళ్లయి, నా మెళ్లోనూ పుస్తెలు పడ్డాక ఒకరోజు హఠాత్తుగా ఓ సందేహం వచ్చింది. అమ్మాల్సింది ఆవిడ పుస్తెలు. మరి మొదటి ముక్క పడేది ఎవరి కంచంలో?

శ్రావణమాసంలో గోదావరికి ఎర్రనీరు రాగానే మా ఇంటికి ఏడాదికోసారి పులస వచ్చేది. అమ్మ కట్టెల పొయ్యి మీద మట్టి చట్టి పెట్టి, బెండకాయలూ పచ్చిమిరపకాయలూ వేసి, సన్నటి సెగ మీద గంటల తరబడి పులుసు కాచేది. వడ్డన మాత్రం ఎప్పుడూ ఒకే వరస. ముందు తాతయ్యకీ, నాన్నకీ. తర్వాత అన్నయ్యలకి. తర్వాత నాకు. అందరి చేతులూ కడగడం అయ్యాక అమ్మ ఆ చట్టిలోనే కాస్త అన్నం కలుపుకుని, అడుగంతా తుడిచి తినేది. “నీకు ముక్కేదమ్మా?” అంటే, “నాకు పులుసుంటే చాల్లేవే” అనేది. నిజమే కాబోలనుకునేదాన్ని.

ఇప్పుడు నేనుండేది అమెరికాలో, సియాటిల్ పక్కన. ఇక్కడా ఏటికి ఎదురీదే చేప ఒకటుంది. దాని పేరు సాల్మన్. ఆ చేపతో చేసే ఓ తేలికైన రాత్రి భోజనం గురించి, దానితోపాటు తాగే చల్లటి పానీయం గురించి ఈ వారం మీతో చెప్పాలని కూర్చున్నాను. ఇదేదో ఫ్యాషన్ వంట అనుకోకండి. వండిన మనిషి కూడా వేడివేడిగా కూర్చుని తినగలిగే వంట ఇది. నాకు నచ్చింది అందుకే!

ఇద్దరమే మిగిలాం

పోయిన సెప్టెంబరులో మా అమ్మాయి కాలేజీ చదువుకని వేరే రాష్ట్రం వెళ్లిపోయింది. ఇల్లంతా బోసిపోయింది. ఇక మావారూ, నేనూ. మొదటి వారం అలవాటు చొప్పున ఆయనకి దోసెలు ఒక్కొక్కటే వేసి తెచ్చిపెట్టాను. ఆయన టీవీ చూస్తూ తినేశారు. నేను పెనం ముందు నిలబడి మిగిలిన దోసె నోట్లో వేసుకున్నాను. ఇరవై ఏళ్లకు పైగా ఇదే తంతు. అమ్మాయి ఉన్నన్నాళ్లూ ఆ హడావుడిలో తెలియలేదు. ఇద్దరమే ఉన్న ఇంట్లో, ఒకళ్లు హాల్లోనూ మరొకళ్లు వంటింట్లోనూ తింటుంటే మాత్రం మనసు చివుక్కుమంది.

ఆయన్ని అనాల్సిన పని లేదు. “నువ్వూ రావోయ్” అని పిలుస్తూనే ఉంటారు. “ఇదిగో వస్తున్నా, మీరు కానివ్వండి” అనేది నేనే. మన వంటలే అలాంటివి మరి. దోసె, పూరీ, చపాతీ... ఏదైనా సరే ఎవరో ఒకరు పొయ్యి దగ్గర ఉండాల్సిందే. ఆ ‘ఎవరో ఒకరు’ ఎవరన్నది వేరే చెప్పాలా?

సాల్మన్‌ని ఓవెన్‌లో పెట్టి తలుపు వేశామంటే మళ్లీ మన చేత్తో పనుండదు. తిప్పక్కర్లేదు, కలపక్కర్లేదు. పన్నెండు నుంచి పదిహేను నిమిషాల్లో రెండు ముక్కలూ ఒకేసారి తయారు. రెండు కంచాలూ ఒకేసారి బల్ల మీదకి వస్తాయి.

ఎదురీదే చుట్టాలు

పులసకీ సాల్మన్‌కీ బంధుత్వం లేదుగానీ, బుద్ధులు మాత్రం కలుస్తాయి. సముద్రంలో ఉన్నన్నాళ్లూ ఇలసగా పిలిచే చేప గుడ్లు పెట్టడానికి గోదావరిలోకి ఎదురీది వస్తే పులస అవుతుంది. సాల్మన్ కూడా అంతే. ఏటిలో పుట్టి, సముద్రానికి పోయి, పెరిగి పెద్దదై, తిరిగి పుట్టిన ఏటికే వస్తుంది. పసిఫిక్ సాల్మన్ ఏట్లోకి అడుగుపెట్టాక మేత మానేస్తుంది. ఒంట్లో దాచుకున్న కొవ్వు మీదే ఎదురీదుతుంది. గుడ్లు పెట్టాక ప్రాణం విడిచేస్తుంది.

సియాటిల్‌లో బల్లార్డ్ లాక్స్ అని 1917లో ప్రారంభించిన నీటి తలుపులున్నాయి. అక్కడ చేపలు పైకెక్కడానికి నీళ్లలో మెట్లు కట్టారు. పక్కనే అద్దాల కిటికీలు. వేసవిలోనూ శరదృతువులోనూ వెళితే ఆ అద్దాల అవతల సాల్మన్ చేపలు ఎదురీదుతూ కనిపిస్తాయి. ఇస్సాక్వా అనే ఊళ్లో చేపపిల్లల్ని పెంచే కేంద్రం ఉంది. అక్టోబరు మొదటి వారాంతంలో అక్కడ సాల్మన్ పండగ చేస్తారు. ఈ నేల అసలు వాసులైన ఆదివాసీ తెగలు ఏటా మొదట వచ్చిన సాల్మన్‌ని గౌరవించి, అందరూ పంచుకుని తిని, ఎముకల్ని తిరిగి నీళ్లలో కలిపే ఆచారం పాటిస్తాయి. పంచుకుని తినడమన్న మాట నాకు బాగా నచ్చింది.

ఏ సాల్మన్ కొనాలి?

ఈ తీరంలో దొరికేవి ముఖ్యంగా అయిదు రకాలు. కింగ్ సాల్మన్‌కి కొవ్వు ఎక్కువ, ధరా ఎక్కువే. సాకై ఎర్రగా, పల్చగా ఉంటుంది, త్వరగా ఉడుకుతుంది. తర్వాత కోహో, పింక్, చమ్. ఇవిగాక నార్వే, చిలీ వంటి దేశాల్లో పెంచి అమ్మే అట్లాంటిక్ సాల్మన్ ఉంది. దానిలో కొవ్వు బాగా ఉండటంతో ఒకటి రెండు నిమిషాలు ఎక్కువైనా ఎండిపోదు. కొత్తగా వండేవారికి ఇదే మేలు.

తాజా చేప అయితే నీచు వాసన గుప్పుమనకూడదు. వేలితో నొక్కితే గుంట పడి, మళ్లీ పైకి రావాలి. గడ్డ కట్టించి అమ్మేది కొన్నా తప్పులేదు. ముందురోజు రాత్రే ఫ్రిజ్‌లో కింది అరలో పెడితే చక్కగా కరుగుతుంది. గాలి తీసేసిన ప్లాస్టిక్ సంచిలో ఉంటే మాత్రం, కరగడానికి పెట్టేముందే ఆ సంచి విప్పేయండి. గాలి లేనిచోట కొన్ని ప్రమాదకరమైన సూక్ష్మక్రిములు పెరిగే అవకాశం ఉంది.

పులసలో లాగా సన్నముళ్ల బెడద ఇందులో లేదు. ముక్క మధ్యలో వేలితో రాసి చూస్తే వరసగా కొన్ని ముళ్లు తగులుతాయి. కనుబొమలు తీసుకునే పట్టకారు లాంటిదొకటి వంటింట్లో విడిగా ఉంచుకుంటే వాటిని లాగేయడం చిటికెలో పని.

కావలసినవి (ఇద్దరికి)

సాల్మన్ ముక్కలు: 2 (ఒక్కోటి సుమారు 170 గ్రాములు, తోలుతో)
బంగాళాదుంపలు: పావుకిలో (అరంగుళం ముక్కలుగా)
ఫ్రెంచ్ బీన్స్: 150 గ్రాములు (చివర్లు తుంచి)
ఆవపిండి: 1 టీస్పూను
తేనె: 1 టీస్పూను
వెల్లుల్లి: 2 రెబ్బలు (దంచినవి)
మిరియాల పొడి: అర టీస్పూను
ఉప్పు: రుచికి తగినంత
ఆలివ్ నూనె: 2 టేబుల్‌స్పూన్లు
నిమ్మకాయ: 1
కొత్తిమీర: గుప్పెడు

చేసే విధానం

ముందుగా ఓవెన్‌ని 200 డిగ్రీల సెల్సియస్ దగ్గర పెట్టి వేడెక్కనివ్వాలి. అమెరికా ఓవెన్లలో అయితే 400 డిగ్రీల ఫారన్‌హీట్. ట్రేలో బేకింగ్ కాగితం పరిచి, బంగాళాదుంప ముక్కల్ని ఒక చెంచా నూనె, ఉప్పుతో కలిపి ఒక పక్కగా పరవాలి. ముక్క మీద ముక్క పడకూడదు. ట్రేని ఓవెన్‌లో పెట్టి ఇరవై నిమిషాలు వదిలేయాలి.

ఈలోగా ఆవపిండిని రెండు చెంచాల నీళ్లతో కలిపి పది నిమిషాలు ఉంచితే ఘాటు తేలుతుంది. ఆవపెట్టిన కూరకు చేసినట్టే అన్నమాట! దాన్లో తేనె, వెల్లుల్లి, మిరియాల పొడి, మిగిలిన నూనెలో సగం కలపాలి. చేప ముక్కల తడిని శుభ్రమైన కాగితంతో అద్ది, ఉప్పు రాసి, పైన ఈ ముద్ద పట్టించాలి. నిమ్మరసం ఇప్పుడే పిండకండి. పులుపులో ఎక్కువసేపు నానితే ముక్క పైన తెల్లబడి, గట్టిపడుతుంది.

ఇరవై నిమిషాలయ్యాక ట్రే బయటికి తీసి, దుంపల్ని ఒకసారి కదిపి, ఖాళీగా ఉన్నచోట చేప ముక్కల్ని తోలు కిందికి వచ్చేట్టు పెట్టాలి. మిగిలిన నూనె, చిటికెడు ఉప్పు కలిపిన బీన్స్ పక్కన సర్దాలి. మళ్లీ ఓవెన్‌లోకి. అంగుళం మందం ఉన్న ముక్కకి పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు. సాకై లాంటి పల్చటి ముక్కయితే ఎనిమిదో నిమిషం నుంచే చూసుకోవాలి.

మందంగా ఉన్నచోట ఫోర్కుతో మెల్లగా కదిపితే రేకలు రేకలుగా విడిపోవాలి. లోపలి రంగు అద్దంలా మెరవకుండా లేత గులాబీలోకి మారాలి. వంటింటి థర్మామీటరు ఉంటే ముక్క నడుమ 63 డిగ్రీల సెల్సియస్ చూపాలి. పైన పెరుగు తరకల్లా తెల్లగా ఏదైనా తేలితే కంగారు పడకండి. అది చేపలోని మాంసకృత్తే. కాస్త ఎక్కువ సేపు ఉంచారని దానర్థం, అంతే. బయటికి తీసి రెండు నిమిషాలు ఆగి, నిమ్మరసం పిండి, కొత్తిమీర చల్లితే వంట ముగిసినట్టే.

నా మొదటి ప్రయత్నం ఏమైందో కూడా చెప్పాలి. పులుసు కాచిన వంశం కదా, పన్నెండు నిమిషాల్లో చేప ఉడకడమేమిటని నలభై నిమిషాలు ఉంచాను! ముక్క చెక్కలా తయారైంది. ఇంట్లో పొగ గంట ఒకటే గోల. మావారు టవల్ పట్టుకుని దాని కింద విసురుతూ, “ఏమోయ్, దీన్ని కొయ్యడానికి రంపం తేనా?” అన్నారు. అప్పుడు ఏడుపొచ్చిందిగానీ, ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తోంది. పులస నిదానాన్ని కోరుతుంది. సాల్మన్‌కి నిదానం పనికిరాదు.

గ్లాసు సంగతి

కాక్‌టెయిల్ అన్న మాట చూసి కొందరు అక్కయ్యలు మొహం చిట్లిస్తారని తెలుసు. చిట్లించడానికి కారణమూ ఉంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా దుకాణం మూయించాకే కదా, ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి, 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. 1997లో ఆ నిషేధం ఎత్తేసినా, అప్పుడు వాళ్లు చెప్పిన మాట చెల్లకుండా పోలేదు. మగవాడు తాగుతుంటే ఆడది పకోడీలు వేయించి అందించే పద్ధతి నాకూ ఇష్టం లేదు. అందుకే మా ఇంట్లో ఓ ఒప్పందం చేసుకున్నాం. గ్లాసు ఇద్దరికీ ఉంటుంది. కలిపే పని ఆయనది. అందులో ఏం పోయాలన్నది ఎవరి ఇష్టం వారిది.

టామ్ కాలిన్స్ అనే పానీయం పేరు చాలా పాతది. 1876లో వెలువడిన జెర్రీ థామస్ పుస్తకంలోనే అది ఉంది. పేరు ఘనంగా ఉందిగానీ, విప్పి చూస్తే మన నిమ్మకాయ సోడానే! దానికి జిన్ అనే మద్యం కలుపుతారు, అంతే తేడా. మేం చేసే పద్ధతి ఇది.

ఒక జగ్గులో 50 మిల్లీలీటర్ల నిమ్మరసం, 40 మిల్లీలీటర్ల పంచదార పాకం, ఒక చెంచా అల్లం రసం, నాలుగు పుదీనా ఆకులు వేసి కలపాలి. పాకమంటే లడ్డూ పాకం కాదు. పంచదార, నీళ్లు సమపాళ్లలో తీసుకుని వేడిచేసి, కరగగానే దించి చల్లార్చాలి. రెండు పొడుగాటి గ్లాసుల నిండా ఐసు వేసి, జగ్గులోది చెరి సగం పోయాలి. జిన్ కావాలన్నవారి గ్లాసులో 45 మిల్లీలీటర్లు, కొలిచి మరీ పోయాలి. వద్దన్నవారి గ్లాసులో ఆ మేర సోడా ఎక్కువ. పైన చల్లటి సోడా నింపి, నిమ్మచక్క గుచ్చితే రెండు గ్లాసులూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. ఆయనది జిన్‌తో, నాది సోడాతో. ఒకసారి రుచి చూసి, నాది నేనే తేల్చుకున్నాను. అల్లం, నిమ్మ చేపలోని కొవ్వుకి చక్కటి జోడీ. జిన్ లేకపోయినా ఆ జోడీకి లోటుండదు.

ఇక్కడే ఓ మాట. మద్యం ఇంత వరకైతే ఆరోగ్యానికి ఇబ్బంది లేదని చెప్పగల మోతాదంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టంగా చెప్పింది. కాబట్టి ‘ఒంటికి మంచిది’ అన్న సాకు ఎవరూ చెప్పకూడదు. గర్భిణులు దాని జోలికే వెళ్లకూడదు. కారు నడపాల్సినవాళ్లూ, నిద్రమాత్రలు వాడేవాళ్లూ సోడా గ్లాసే తీసుకోవాలి. మిగతా మందులేవైనా వాడుతుంటే డాక్టర్ని అడగండి. రెండో గ్లాసు పోసుకోవాలనిపిస్తే ఇద్దరూ జగ్గులోదే పోసుకోండి.

చేప సంగతి దీనికి పూర్తిగా తిరకాసు. మాంసకృత్తులు, విటమిన్ డి, బి12, గుండెకి మేలుచేసే ఒమేగా-3 కొవ్వులు సాల్మన్‌లో పుష్కలం. పాదరసం తక్కువగా ఉండే చేపల్లో ఇదొకటి. అందుకే బాగా ఉడికించిన సాల్మన్ గర్భిణులు కూడా తినదగ్గదే. వారానికి రెండుసార్లు చేప తినమని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ సలహా.

ఏడింటికి మొదలుపెడితే...

ఏడు గంటలకి ఓవెన్ వేయండి. అది వేడెక్కేలోగా దుంపలు తరిగేయండి. ఏడుంబావుకి దుంపలు లోపలికి. ఆ ఇరవై నిమిషాల్లో చేపకి ముద్ద పట్టించి, బల్ల సర్దండి. ఏడూ ముప్పై అయిదుకి చేప, బీన్స్ లోపలికి. ఇక్కణ్నుంచి మీకు పనిలేదు. శ్రీవారు పానీయం కలిపే వేళ అది. మీరు మొహం కడుక్కుని, చీర మార్చుకునే టైమూ ఉంటుంది! ఎనిమిదింటికల్లా రెండు కంచాలూ, రెండు గ్లాసులూ, ఇద్దరు మనుషులూ బల్ల ముందు ఉంటారు. ట్రేలో కాగితం వేశాం కాబట్టి దాన్ని చుట్టి చెత్తబుట్టలో పడేస్తే తోముకోవాల్సిన గిన్నెలూ తక్కువే.

మన ఊళ్లో అయితే?

సాల్మన్ మన నీళ్ల చేప కాదు. నగరాల్లోని పెద్ద దుకాణాల్లో గడ్డకట్టించినది దొరుకుతుందిగానీ ఖరీదెక్కువ. ‘ఇండియన్ సాల్మన్’ పేరుతో అమ్మే రావస్ వేరే జాతి. అయినా ఈ వంటకి అది బాగానే నప్పుతుంది. మన పండుగప్ప దొరికితే ఇంకేం కావాలి? ముల్లు తీయించి, మందపాటి ముక్కలు కొట్టించుకుని ఇదే పద్ధతిలో చేయండి. కాకపోతే కొవ్వు కాస్త తక్కువ కాబట్టి ఇంకో చెంచా నూనె రాయాలి. ఓటీజీ ఉంటే చాలు, పెద్ద ఓవెన్ అక్కర్లేదు. మైక్రోవేవ్‌లో అయితే కన్వెక్షన్ ఉన్నదానిలోనే చేయాలి.

అమ్మకి ఏ ముక్క ఇష్టం?

వంట కుదిరిన మొదటి రాత్రి ఇద్దరం ఎదురెదురుగా కూర్చున్నాం. టీవీ కట్టేశాం. మొదట్లో ఏం మాట్లాడాలో తోచలేదు. అమ్మాయి కబుర్లయ్యాక, ఆయన ఆఫీసు సంగతులయ్యాక, ఎప్పటివో మా పెళ్లినాటి విషయాలు వచ్చాయి. కంచాలు ఎండిపోయేదాకా లేవలేదు. ఆయన ఉన్నట్టుండి, “నువ్వింత నెమ్మదిగా తింటావని నాకు తెలియనే తెలియదోయ్” అన్నారు. ఎలా తెలుస్తుంది? నేను తినగా ఆయనెప్పుడు చూశారని!

మర్నాడు అమ్మకి ఫోన్ చేశాను. అమ్మకిప్పుడు డెబ్బై దాటాయి. “అమ్మా, పులసలో నీకే ముక్క ఇష్టమే?” అని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. ఫోన్ కట్టయిందేమో అనుకున్నాను.

“ఇప్పుడెందుకే ఆ గోల?” అంది చివరికి. మళ్లీ తనే నెమ్మదిగా, “జన ముక్కే అనుకుంటా. నువ్వు కడుపులో ఉన్నప్పుడు మా అమ్మ పిలిచి పెట్టింది. మళ్లీ తినలేదు” అంది.

వచ్చే శ్రావణానికి మేమిద్దరం ఊరెళ్తున్నాం. పులస దొరికితే సరే, ధర మండిపోతే పండుగప్పే అవనీ. పులుసు నేను కాస్తాను. వడ్డన మావారిదని ఇప్పుడే చెప్పి ఉంచాను. అమ్మ మాత్రం ముందు బంతిలోనే కూర్చోవాలి.